బట్టీ దాటాక గ్లాసులో చేరేది

మొలకెత్తిన బార్లీతో కాచిన స్కాచ్ విస్కీలో గ్లూటెన్ ఉండదు. బంగాళదుంపలతో కాచిన వోడ్కాలో టమాటా రసం, నిమ్మరసం, మిరియాలపొడి కలిపి ఇచ్చే బ్లడీ మేరీలో ఉండవచ్చు. గోధుమ, బార్లీ పడని మనిషి ఊరుగాని ఊళ్లో ఏదో బార్‌లో కూర్చుని కాక్‌టెయిల్ చెప్పవలసి వస్తే, ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిసి ఉండటం అన్నిటికంటే ముఖ్యం. "ఈ మందు ఏ గింజతో చేశారు?" అన్న ప్రశ్నే అందరికీ ముందు తడుతుంది. దానికి జవాబు దొరికినా పెద్దగా ఉపయోగపడదు. కాచిన తరువాత అందులో ఏం కలిసింది, ఏ గిన్నెలోంచి గ్లాసులోకి వచ్చింది అన్నదే అడగవలసిన ప్రశ్న.

పడకపోవడం అంటే ఇక్కడ కాసేపు కడుపు ఉబ్బరించి తగ్గిపోయే ఇబ్బంది కాదు. సీలియాక్ వ్యాధిలో మన రోగనిరోధక వ్యవస్థే మన చిన్న పేగు మీద దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ నిండా వేలి ఆకారంలో ఉండే సన్నని చూషకాలు ఉంటాయి. తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకునేది అవే. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ తగిలిన ప్రతిసారీ అవి వాచి, కుంగి, చివరికి చదునైపోతాయి. అప్పుడు ఇనుము ఒంటికి పట్టదు, కాల్షియం పట్టదు. ఎన్ని మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత, చిన్న వయసులోనే బోలు ఎముకలు, ఎదగని పిల్లలు, ఇవన్నీ ఈ జబ్బు ముఖాలే. దీనికి మందు లేదు. ఆ గింజల్ని జీవితాంతం మానెయ్యడం ఒక్కటే దారి.

ఆ దారి కనిపెట్టింది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో డచ్చి పట్టణాల్లో రొట్టె దొరక్క జనం అలమటించారు. హేగ్‌లో ఆయన చూస్తున్న సీలియాక్ పిల్లల విషయంలో మాత్రం గోధుమ లేని ఆ కరువు రోజులు ఆయన అనుమానాన్ని బలపరిచాయి. అప్పటికి కొన్నేళ్లుగా ఆయన గోధుమనే అనుమానిస్తున్నాడు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో, ఏ గింజ తింటే పిల్లలు పడకేస్తున్నారో, ఏది తీసేస్తే కోలుకుంటున్నారో రాసి పెట్టాడు. అంతకు ముందు ఈ పిల్లలకు అరటిపండ్లే ప్రధానంగా పెట్టి నెట్టుకొచ్చిన వైద్యులున్నారు. అసలు దోషి గోధుమ అని తేలడానికి అంతకాలం పట్టింది.

ప్రపంచంలో దాదాపు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉందని అంచనా. మన దేశంలో ఇది అన్ని చోట్లా ఒకలా లేదు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ఉత్తర భారతంలో 1.23 శాతం పెద్దవాళ్ల రక్తంలో సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉన్నాయని, దక్షిణంలో 0.10 శాతమేనని తేల్చింది. జన్యువుల వల్ల ఈ తేడా వచ్చిందనుకుంటే పొరపాటు. ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు రెండు ప్రాంతాల్లోనూ ఇంచుమించు మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాన 25 గ్రాములు. మనల్ని ఇన్నాళ్లూ కాపాడింది వరి అన్నం. రాత్రి చపాతీ, పొద్దున బ్రెడ్డు, సాయంత్రం పిజ్జా అలవాటవుతున్న తెలుగు ఇళ్లలో ఆ కాపుదల ఇంకెన్నాళ్లు ఉంటుందో ఆలోచించాలి. డల్లాస్‌లోనో లండన్‌లోనో స్థిరపడిన మనవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. సీలియాక్ ఉందన్న అనుమానం వస్తే, పరీక్షకు ముందు గోధుమ మానకండి. టీటీజీ అనే రక్తపరీక్ష వెతికేది గ్లూటెన్‌కు ప్రతిగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీల కోసం. తిండిలో గ్లూటెన్ లేకపోతే అవి తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా పరీక్షలో తేలదు.

గ్లూటెన్ అన్నది ఒకే పదార్థం కాదు, గింజలోని కొన్ని ప్రొటీన్ల గుంపు. ఇటలీలోని బొలోనాలో యాకోపో బెక్కారి అనే పండితుడు 18వ శతాబ్దంలోనే గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి పిసికి, పిండిపదార్థమంతా కొట్టుకుపోయాక మిగిలిన జిగురు ముద్దను వేరు చేసి చూపాడు. ఆ ముద్దలో సీలియాక్ రోగికి ఎక్కువ హాని చేసేది గ్లయాడిన్. బార్లీలో దాని వరసకు చెందినది హోర్డీన్, రైలో సెకలిన్. వీటి నిండా ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. మన జీర్ణరసాలకు ప్రోలిన్ దగ్గర గొలుసు తెంపడం చేతకాదు. అందుకే మిగతా ప్రొటీన్లన్నీ చిన్న చిన్న ముక్కలైపోతున్నా, గ్లయాడిన్‌లో 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక తునక చెక్కుచెదరకుండా పేగులోకి చేరుతుంది. 2002లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తల బృందం దాన్ని గుర్తించింది. సీలియాక్ రోగి ఒంట్లోని రక్షక కణాలు శత్రువనుకుని విరుచుకుపడేది ముఖ్యంగా ఇలాంటి తునకల మీదే.

ఎంత తగిలితే దెబ్బ? ఇటలీ వైద్యుల బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు తీసుకున్న సీలియాక్ రోగుల పేగు గోడ దెబ్బతిన్నట్టు తేలింది. రోజు మొత్తంలో 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి హాని జరగదన్నది ఇప్పుడు వైద్యులు సాధారణంగా ఒప్పుకునే హద్దు. మైదాలో గ్రాముకు సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే గ్రాములో ఎనిమిదో వంతు పిండితో రోజు కోటా అయిపోతుంది. చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య పట్టే చిటికెడు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. గ్లూటెన్ లేదని సీసా మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం, మన ఆహార భద్రతా సంస్థ నియమం కూడా. ఆ ప్రమాణానికి సరిగ్గా అంచున ఉన్న పానీయం 150 మిల్లీలీటర్లు తాగినా ఒంట్లోకి వెళ్లేది 3 మిల్లీగ్రాములు. బార్‌లో ఎదురయ్యే ప్రతి అనుమానాన్నీ ఈ లెక్కతో తూచి చూడవచ్చు. భయపడవలసింది ఏదో, అక్కర్లేనిది ఏదో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు బట్టీ సంగతి. నాటుసారా కాచేవాళ్లు బెల్లం ఊటను కుండలో మరిగించి, ఆవిరిని గొట్టంలోంచి పంపి, చల్లబరిచి బొట్టుబొట్టుగా పడతారు. స్కాట్లాండ్ రాగి బట్టీలో జరిగేదీ అదే, అక్కడ బెల్లం బదులు బార్లీ ఊట. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. దాని వెంట వాసననిచ్చే తేలికపాటి పదార్థాలు కొన్ని పోతాయి. ప్రొటీన్ ఆవిరి కాదు. ఎంత మరిగినా అడుగున ఊటలోనే ఉండిపోతుంది. పులుసు మరుగుతున్నప్పుడు మూత లోపల పట్టిన నీటిబొట్లు రుచి చూస్తే ఉప్పు తగలదు, ఇదీ అంతే. అందువల్ల గోధుమతో కాచిన వోడ్కా, రైతో కాచిన అమెరికన్ విస్కీ, బార్లీతో కాచిన మన అమృత్, పాల్ జాన్ సింగిల్ మాల్టులు, ఏవైనా సరే, కాచి సీసాలో పోసినంతవరకు వాటిలో గ్లూటెన్ రాదు. యూరోపియన్ యూనియన్ చట్టం సైతం మద్యం కాచడానికి వాడిన గింజల్ని అలర్జీ ప్రకటన నుంచి మినహాయించింది. అమెరికాలో కాచిన మద్యం సీసాలమీద, కాచాక గ్లూటెన్ కలవకుండా జాగ్రత్త తీసుకుంటే, గ్లూటెన్ లేదని రాసుకోవడానికి 2020 నుంచి అనుమతి ఉంది. గింజ పేరు చూసి విస్కీ మానేసిన సీలియాక్ రోగులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ అక్కర్లేని భయం.

ఆల్కహాల్ ఘాటుకు గ్లూటెన్ చచ్చిపోతుందన్న నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు, ప్రమాదకరం కూడా. ఆల్కహాల్ సూక్ష్మజీవుల్ని చంపగలదు. గ్లూటెన్ జీవి కాదు, చావడానికి. అంతే కాదు, గ్లయాడిన్ నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్ కలిపిన నీళ్లలో చక్కగా కరుగుతుంది. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో థామస్ ఆస్‌బర్న్ గింజల ప్రొటీన్లను వర్గాలుగా విడదీసినప్పుడు ఈ గుణాన్నే గీటురాయిగా తీసుకున్నాడు. గోధుమ ప్రొటీన్ల మీద 1907లో వచ్చిన ఆయన గ్రంథంలో, గ్లయాడిన్ అంటే 70 శాతం ఆల్కహాల్‌లో కరిగేది. ఈనాటికీ ప్రయోగశాలల్లో తిండిలోంచి గ్లూటెన్‌ను బయటికి లాగి కొలవడానికి 60 శాతం ఆల్కహాల్ వాడతారు. బార్‌లో దొరికే మద్యం 40 శాతం చిల్లర. అందులో అంత బాగా కాకపోయినా కరగడం మాత్రం కరుగుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి ఇదే కీలకం. కాస్తున్నప్పుడు గ్లూటెన్‌ను వెనక్కి నెట్టేసిన ఆల్కహాలే, కాచిన తరువాత గింజ తగిలితే గ్లూటెన్‌ను తనలోకి లాక్కుంటుంది.

ఈమధ్య పెద్ద నగరాల కాక్‌టెయిల్ బార్లలో మద్యాన్ని ఏదో ఒకదానిలో నానబెట్టి కొత్త రుచి తేవడం బాగా నడుస్తోంది. కాల్చిన బ్రెడ్డు నానేసిన రమ్ము, బిస్కెట్లు నానేసిన బోర్బన్, పాలల్లో పోసుకునే అల్పాహార గింజల రుచి పట్టించిన వోడ్కా. వడకట్టి తేటగా, గాజులా మెరుస్తూ ఇస్తారు కనుక గ్లాసులో బ్రెడ్డు జాడ కనబడదు. కరిగిన ప్రొటీన్‌ను మాత్రం గుడ్డ వడపోత ఆపలేదు. మెనూలో "ఇన్‌ఫ్యూజ్డ్" అన్న మాట కనిపిస్తే దేనిలో నానబెట్టారో అడక్కుండా చెప్పవద్దు. నానేసింది నారింజ తొక్కో, మిరపకాయో, కొబ్బరో, యాలకులో అయితే ఇబ్బంది లేదు. హార్లిక్స్ లాంటి మాల్ట్ పొడి కలిపిన తీపి కాక్‌టెయిళ్లు కూడా ఈ కోవలోవే. మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీ, దానిమీద ఇంకో ప్రశ్న అక్కర్లేదు.

బీరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాచకుండా పులియబెట్టి తాగేది కనుక బార్లీ ప్రొటీన్ అందులోనే ఉంటుంది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలలో అందరూ ఇష్టపడే గోధుమ బీరులో మరీ ఎక్కువ. ఆల్కహాల్ తీసేసిన జీరో బీరులోనూ ఉంటుంది. మద్యం ముట్టనివాళ్లు, డ్రైవింగ్ ఉన్నవాళ్లు విందుల్లో ఆ సీసా పట్టుకుంటారు కాబట్టి ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. మరో రకం బీరు విషయంలో చదువుకున్నవాళ్లు సైతం మోసపోతున్నారు. బార్లీ బీరులో ఒక బూజు నుంచి తీసిన ఎంజైమ్ కలిపి గ్లూటెన్‌ను ముక్కలు చేసి, గ్లూటెన్ తగ్గించిన బీరుగా అమ్ముతారు. నిజానికి ఆ ఎంజైమ్ బీరు చల్లబడినప్పుడు మసకబారకుండా ఉండటానికి తయారైంది. పరీక్షలో అంకె తక్కువే వస్తుంది. చిక్కేమిటంటే, మామూలు గ్లూటెన్ పరీక్షలు పొడుగు గొలుసుల్ని పట్టుకోగలిగినంత బాగా ముక్కల్ని పట్టుకోలేవు. పేగు మాత్రం ముక్కల్నీ గుర్తు పడుతుంది. 2017లో అమెరికా పరిశోధకులు సీలియాక్ రోగుల రక్తాన్ని ఈ బీరుతో పరీక్షిస్తే, కొందరి యాంటీబాడీలు దానికి స్పందించాయి. అదే పరీక్షలో, మొదటి నుంచీ గ్లూటెన్ లేని గింజలతో చేసిన బీరుకు స్పందించలేదు. కనుక జొన్నతోనో, సజ్జతోనో, వరితోనో చేసిన బీరు దొరికితే తీసుకోవచ్చు. తగ్గించిన బీరు వద్దు.

కాక్‌టెయిళ్లలో బీరు దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. మెక్సికో మిచెలాడాలో బీరే మూలం. షాండీ సంగతి తెలిసిందే. బ్లాక్ వెల్వెట్‌లో షాంపేన్‌తో పాటు గిన్నెస్ ఉంటుంది. జింజర్ బీరు పేరులోనే బీరు, మాస్కో మ్యూల్‌లో కలిపే ఆ అల్లం సోడాలో సాధారణంగా బార్లీ ఉండదు. ఇంగ్లండ్‌లో వేసవి పానీయాల్లో వాడే బార్లీ వాటర్ మాత్రం పేరుకు తగ్గట్టు బార్లీదే.

దేశం మారితే సీసాలో ఉన్నది మారుతుంది, పేరు మాత్రం మారదు. ప్రయాణాల్లో మనవాళ్లను దెబ్బతీసేది ఇదే. స్మిర్నాఫ్ ఐస్ చాలా దేశాల్లో వోడ్కాతో చేస్తారు, అమెరికాలో దొరికేది మాల్ట్‌తో పులియబెట్టింది. అమెరికా పెట్రోలు బంకుల్లో అమ్మే ఫైర్‌బాల్ సినమన్ చిన్న సీసాలు చూడటానికి ఫైర్‌బాల్ విస్కీ లాగే ఉంటాయి, చాలావాటిలో ఉన్నది మాల్ట్ పానీయం. ఇక బ్లడీ మేరీలో పడే వూస్టర్‌షైర్ సాస్. లీ అండ్ పెరిన్స్ కంపెనీ ఇంగ్లండ్‌లో అమ్మే సాస్‌లో వాడేది బార్లీ నుంచి తీసిన మాల్ట్ వెనిగర్. అదే కంపెనీ పేరుతో అమెరికాలో అమ్మే సాస్‌లో కాచి తీసిన తెల్ల వెనిగర్. న్యూజెర్సీలో నిశ్చింతగా తాగిన బ్లడీ మేరీ లండన్‌లో అనుమానించవలసినదవుతుంది. కొన్ని బార్లు ఆ సాస్ బదులు సోయా సాస్ వేస్తాయి. మామూలు సోయా సాస్‌ను గోధుమ కలిపి పులియబెడతారు. కొరియా బియ్యపు మద్యం మక్గోలీని పులియబెట్టే నురుక్ ముద్ద సాధారణంగా గోధుమది, చైనా షావోషింగ్ మద్యాన్ని పులియబెట్టే ముద్ద కూడా గోధుమదే. రెండూ బియ్యంతోనే చేస్తారు, రెండూ కాచనివి. పైకి బియ్యం అని చూసి మోసపోకూడదు. జపాన్ సాకేను బియ్యం మీదే పెంచిన బూజుతో పులియబెడతారు, మామూలు సాకేతో ఈ బెడద లేదు.

మన దగ్గరి సంగతికొస్తే, కల్లులో గ్లూటెన్ లేదు. ఇప్పసారాలో లేదు. గోవా జీడిమామిడి ఫెనీలో లేదు. మనకు ప్రత్యేకమైన చిక్కు ఇంగువ. బజారులో దొరికే ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు, ఘాటు తగ్గించడానికి చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. హైదరాబాద్, బెంగళూరు బార్లలో జామపండు రసం, పచ్చిమిర్చి, చింతపండు, రసం రుచులతో కాక్‌టెయిళ్లు ఇప్పుడు మామూలు. వాటి గ్లాసు అంచుకు చాట్ మసాలా అద్దుతారు, చాట్ మసాలాలో ఇంగువ ఉంటుంది. భయపడే ముందు లెక్క వేద్దాం. అంచుకు అంటిన మసాలా 2 గ్రాములనుకుంటే, అందులో ఇంగువ నూటికి ఒక వంతు, ఆ ఇంగువలో సగం గోధుమపిండి అనుకుంటే, గ్లాసుకు వచ్చే గ్లూటెన్ ఒక మిల్లీగ్రామైనా కాదు. ఒక గ్లాసుతో పేగు పాడవదు. నాలుగు గ్లాసులు తాగి, పక్కనే అప్పడాలు, మసాలా పల్లీలు నములుతూ, భోజనంలో ఇంగువ తాలింపు పప్పు కూడా తింటే లెక్క పెరుగుతూ పోతుంది. "అంచుకు ఏమీ వద్దు" అని ఒక్క మాట అంటే ఈ బాధే లేదు. అసలు ఆ అంచు పళ్లెమే అన్నిటికంటే అనుమానాస్పదమైన చోటు. ఒకే పళ్లెంలో ఒక గ్లాసుకు ఉప్పు, మరో గ్లాసుకు బిస్కెట్ పొడి అద్దే బార్లు ఉన్నాయి. బిస్కెట్ పొడి లెక్క వేరు, అది పిండే.

స్ట్రాలు కూడా చూసుకోవాలి. ప్లాస్టిక్ స్ట్రాలను యూరప్ 2021లో, మన దేశం 2022 జులైలో నిషేధించాక, వాటి స్థానంలో కాగితం, వెదురు, వరిపిండి స్ట్రాలతో పాటు పాస్తా స్ట్రాలు వచ్చాయి. పాస్తా స్ట్రా అంటే గోధుమ గొట్టం. అరగంట సేపు కాక్‌టెయిల్‌లో నానుతుంది. పైన చెప్పినట్టు ఆల్కహాల్ తన పని తాను చేస్తుంది. గ్లాసు జాగ్రత్తగా చేయించుకుని, చివర్లో ఈ స్ట్రాతో పీల్చడం కంటే దురదృష్టం లేదు. స్ట్రా వద్దని చెప్పేయడం మేలు.

బార్ బల్ల వెనక మిగిలిన ప్రమాదాలు చిన్నవే, కానీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అప్పుడే బిస్కెట్ షేక్ తిప్పిన బ్లెండర్, మాల్ట్ పాకం కొలిచిన జిగ్గర్, బీరు కుళాయి గొట్టంలోంచే వచ్చే సైడర్. ఆపిల్ సైడర్ సహజంగా గ్లూటెన్ లేనిది. సీసాలో ఉన్నది అడిగితే గొట్టం గొడవ ఉండదు. గ్లూటెన్ సూక్ష్మజీవి కాదు కనుక సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. మరిగించనక్కర్లేదు, కొత్త పాత్రలు అక్కర్లేదు. నీళ్లలో ఒక్కసారి ముంచి దులిపితే మాత్రం చాలదు. బ్లెండర్ బ్లేడు కింద ఏం ఇరుక్కుందో ఎవరూ చూడరు కాబట్టి, బ్లెండర్ కాక్‌టెయిళ్లను నేనైతే పూర్తిగా పక్కన పెట్టమంటాను.

ఇక చెప్పడం ఎలాగో. "గ్లూటెన్ ఫ్రీ ఏముంది?" అని అడిగితే చాలా చోట్ల మొహమాటానికి "అన్నీ ఉన్నాయి" అంటారు, లేదా బరువు తగ్గడానికి పెట్టుకున్న నియమం అనుకుంటారు. గింజల పేర్లతో అడగండి. ఫలానా కాక్‌టెయిల్ అని మీరే ముందు ఎంచుకుని, అందులో పడేవి ఒక్కొక్కటే అడగండి. గచ్చిబౌలిలోనో మరోచోటో రద్దీ లేని వేళ బల్ల దగ్గర సంభాషణ ఇలా సాగితే బాగుంటుంది.

"అన్నా, నాకు గోధుమ, బార్లీ పడవు. డాక్టర్ చెప్పిన జబ్బు, డైటింగ్ కాదు. ఒక డైకిరీ చేస్తారా? రమ్ము, నిమ్మరసం, చక్కెర పాకం, అంతే కదా?"

"అంతే మేడమ్. పాకం ఇక్కడే కాస్తాం, వట్టి చక్కెర, నీళ్లు."

"షేకర్, స్ట్రెయినర్ ఒకసారి సబ్బు పెట్టి కడిగి వాడండి అన్నా. అంచుకు ఏమీ వద్దు, స్ట్రా వద్దు."

"సరే మేడమ్. మిక్సులో ఏముందో అనుమానమున్నవి మీకివ్వను, సీసా చూపించి పోస్తాను."

ఇలాంటి మనిషి దొరికితే అతనికి కృతజ్ఞత చెప్పి, మళ్లీ అక్కడికే వెళ్లాలి. "ఏం కాదులే మేడమ్, కొంచెమే కదా" అన్న జవాబు వచ్చిన చోట సోడా తాగి లేవడం మంచిది. రెండో గ్లాసు చెప్పేటప్పుడు మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. బార్‌టెండర్ మారి ఉంటాడు, మొదటి గ్లాసు తాగిన మనిషి జాగ్రత్త కూడా కొంత సడలి ఉంటుంది. తోడు వచ్చిన స్నేహితుల్లో ఒకరికి ముందే చెప్పి ఉంచితే ఇంకా నయం.

ఎంచుకోవడానికి తక్కువేం లేవు. కిత్తలి జాతి మొక్కతో కాచిన టెకీలాతో మార్గరీటా, చెరకు రమ్ముతో డైకిరీ, మొహీతో, బ్రెజిల్ చెరకు మద్యం కషాసాతో కైపిరీన్యా, ద్రాక్ష నుంచి కాచిన పిస్కోతో పిస్కో సవర్, జిన్నూ టానిక్కూ, నెగ్రోనీ, మార్టినీ. అన్నీ రెండు మూడు సీసాలతో, కళ్లెదుట తయారయ్యేవి. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో పడే అంగోస్తురా బిటర్స్‌తో ఇబ్బంది లేదు. బార్‌వాళ్లే ఇంట్లో తయారుచేసుకున్న బిటర్స్ అయితే అడగాలి. కాక్‌టెయిల్‌లో దినుసులు ఎంత తక్కువుంటే అడగవలసిన ప్రశ్నలు అంత తగ్గుతాయి. పెళ్లి సంగీత్‌లలో, ఆఫీసు పార్టీలలో ముందే కలిపి జగ్గుల్లో పెట్టే పంచ్‌ల జోలికి పోవద్దు, వాటిలో ఏం పడిందో పోసేవాడికి కూడా తెలియదు.

యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ బ్రిటన్‌లోనూ ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు. గ్లూటెన్ ఉన్న గింజలతో సహా 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం విడిగా వడ్డించే తిండికి, పానీయాలకు కూడా ఇవ్వాలన్నది అక్కడి చట్టం, 2014 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అడిగితే అలర్జీల జాబితా తెచ్చి చూపిస్తారు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి అలర్జీ చట్టం గోధుమను లెక్కలోకి తీసుకుంది, బార్లీని, రైని తీసుకోలేదు. మద్యం సీసాల మీద అలర్జీ వివరాలు తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనే 2025 జనవరిలో వచ్చింది. అందుకని అక్కడ సీసా మీద గోధుమ అని రాసి లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, మాల్ట్ అన్న మాట కోసం వెతకాలి.

ఒక్కోసారి ఎంత జాగ్రత్త పడినా మర్నాడు కడుపులో నొప్పి, నీరసం రావచ్చు. దాన్ని వెంటనే గ్లూటెన్ మీదికి నెట్టకూడదు, మద్యం ఎక్కువైనా అదే జరుగుతుంది. తరచుగా జరుగుతుంటే డాక్టర్ దగ్గర టీటీజీ పరీక్ష మళ్లీ చేయించుకుంటే పేగు పరిస్థితి కొంతవరకు తెలుస్తుంది. ఏ లక్షణమూ కనబడకుండా లోపల పేగు దెబ్బతినే సీలియాక్ రోగులూ ఉంటారు. కాబట్టి "నాకు ఏమీ కాలేదు" అన్నది రుజువు కాదు. మద్యం తాగమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తాగనివాళ్లకు మాక్‌టెయిల్ విషయంలోనూ పాకం, అంచు, స్ట్రా, బ్లెండర్ ప్రశ్నలు ఇవే.

చివరగా బార్లు, హోటళ్లు నడిపే మన తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఒక షేకరు, ఒక జిగ్గరు, ఒక స్ట్రెయినరు విడిగా, రంగు గుర్తు పెట్టి ఉంచండి. ఇంగువలో ఏ పిండి కలిసిందో డబ్బా మీద చదివి పెట్టుకోండి. మీ కాక్‌టెయిళ్లలో గోధుమ, బార్లీ ఉన్నవి ఏవో మెనూలో పేరు పక్కనే రాయండి. నానబెట్టిన మద్యం అయితే దేనిలో నానబెట్టారో కూడా రాయండి. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే పూర్తయ్యే పని.